నలభై ఫిర్యాదులు కావలెను

దంగేటి ఆదినారాయణ ఏ వస్తువునైనా కొనేముందు దాన్ని ఒకసారి అవమానించి చూస్తాడని ఊళ్లో అందరికీ తెలుసు. బెండకాయైతే కొన విరుస్తాడు. కొబ్బరికాయైతే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. చొక్కా గుడ్డైతే పిడికిట్లో నలిపి పట్టుకుని పది అంకెలు లెక్కపెడతాడు. ఆయనది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే చిన్న షాపు. బ్రహ్మాండమని జనం కొనుక్కున్న సరుకంతా ఇరవై రెండేళ్లుగా తన బల్ల మీదికి విరిగి రావడం చూసి చూసి, బ్రహ్మాండం అనే మాట మీద ఆయనకు నమ్మకం పూర్తిగా పోయింది. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా పిల్లను ఒక్క ప్రశ్నా వేయలేదు. వాళ్ల వంటింట్లో మిక్సీ ఎన్నేళ్లుగా వాడుతున్నారని అడిగాడు. పదకొండేళ్లని, జారు కూడా పాతదేనని తేలాక అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఆ సంగతి భార్య సత్యవేణి ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వదు కూడా.

అలాంటి మనిషికి కూతురి కోసం కాలేజీ వెతకాల్సిన అవసరం వచ్చింది.

కూతురు లోహిత పదో తరగతి ప్యాసై, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే తెచ్చుకుంది. ఎలక్ట్రికల్ తప్ప ఇంకేదీ చదవనని ఒకటే పట్టు. తండ్రి షాపులో మోటార్ల చప్పుళ్లు వింటూ పెరిగిన పిల్ల, ఏ మిక్సీకి ఏ జబ్బో స్విచ్చి వేయగానే చెప్పేస్తుంది. గోదావరి పాయ దాటాక ఉన్న లంకవారిపాలెం మహిళా పాలిటెక్నిక్‌లో చేరతానంది. హాస్టల్లో ఉండాలి. వాళ్లమ్మ రెండు రోజులు ముక్కు చీది, మూడోరోజు ఒప్పుకుంది.

ఆదినారాయణ మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. నెల్లాళ్లు విచారణ జరిపాడు. ఫోన్లో జనం రాసిన అభిప్రాయాలన్నీ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాడు. వాటిని చదవడానికి ఆయనకో పద్ధతుంది. ఆహా ఓహో అన్నవాటిని పక్కన పెడతాడు, అవి కాలేజీవాళ్లు రాయించినవి. నాశనం, సర్వనాశనం అన్నవాటినీ పక్కన పెడతాడు, అవి పరీక్ష తప్పినవాళ్లు రాసినవి. ఏదో ఒక చిన్న విషయం మీద సణుక్కునేవాళ్ల మాటే ఆయన నమ్ముతాడు.

"పెద్ద కట్టం ఉన్నోడికి చట్నీలో ఉప్పు గుర్తు రాదే," అనేవాడు భార్యతో. "చట్నీ మీద కోప్పడ్డాడంటే మిగతావన్నీ సుబ్బరంగా ఉన్నట్టే."

లంకవారిపాలెం గురించి ఫోన్లో అరవై మంది రాశారు. అరవైమందీ మెచ్చుకున్నారు. ఒక్కరూ సణుక్కోలేదు. అదే ఆయనకు కొరుకుడు పడలేదు. రేవులో టీ కొట్టువాణ్ని అడిగాడు, బస్సు కండక్టర్ని అడిగాడు, కాలేజీ ఎదురుగా జెరాక్సు షాపు ఆవిడకు ఫోన్ చేసి మరీ అడిగాడు. అందరూ బాగుంటుందనే అన్నారు. సరే, ముందు సీటు పెట్టుకుందాం, అనుమానాలు దారిలో తీర్చుకుందామని, బుధవారం పొద్దున్నే కూతుర్ని తీసుకుని కౌన్సెలింగ్ సహాయ కేంద్రానికి వెళ్లాడు. ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరు గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు. అదేం చిత్రమో, లంకవారిపాలెం పేరు జాబితాలోనే లేదు.

కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి వాళ్లని లోపలి గదికి పంపింది. గది తలుపు మీద ‘శ్రీ పరాంకుశం, అభిప్రాయ సమతుల్యతాధికారి’ అని రాసి ఉంది. లోపల బల్ల ముందు, నుదుటిమీద నిలువు గీతలా సన్నగా ఉన్న ఒకాయన ఫైళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు.

"లంకవారిపాలెం కనపట్టం లేదండి బాబూ," అన్నాడు ఆదినారాయణ.

"కనపడదు. సదరు సంస్థ ఈ నెల మూడో తేదీ నుంచి తాత్కాలికంగా నిలిపివేయబడినది."

"అయ్ బాబోయ్! ఏం చేసిందండి?"

"ఏమీ చేయలేదు," అన్నాడు పరాంకుశం. "అదే అభియోగం."

ఆ తర్వాత ఆయన కుర్చీలో సర్దుకుని, తమరు గమనించగలరు అంటూ నియమావళి పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకొచ్చాడు. మూడేళ్ల కిందట శాఖలో ఒక పెద్దాయన, అందరూ మెచ్చుకున్నారు కదా అని తన కొడుకును ఒక కాలేజీలో చేర్పించాడట. తీరా వెళ్లి చూస్తే అది నాలుగు గేదెలున్న పాక, దానికో బోర్డు. గేదెలు మాత్రం మంచి జాతివట. మరుసటేడు, అందరూ తిట్టారు కదా అని మేనకోడల్ని ఇంకో కాలేజీలో చేర్పించలేదు. తీరా ఆరా తీస్తే ఆ తిట్లన్నీ ఎదుటి కాలేజీ యజమాని తీరిక వేళల్లో కూర్చుని రాసినవి. ఈ రెండు అనుభవాలతో పెద్దాయనకు జ్ఞానోదయమైంది. మెచ్చుకోలు అబద్ధం, తిట్టు అబద్ధం, రెండూ కలిస్తేనే నిజం. వెంటనే కళాశాలల అభిప్రాయ సమతుల్యతా నియమావళి పుట్టింది. దాని ప్రకారం ప్రతి కాలేజీకీ నూటికి కనీసం నలభై మెచ్చుకోళ్లు, కనీసం నలభై ఫిర్యాదులు ఉండి తీరాలి. లేకపోతే జాబితాలో పేరుండదు.

"సదరు లంకవారిపాలేనికి ఫిర్యాదులు శూన్యం. ఇది ప్రకృతి విరుద్ధం," అన్నాడు పరాంకుశం. "శుక్రవారంలోగా నలభై ఫిర్యాదులు, తగు ఆధారాలతో దాఖలు చేసుకోవలసిందిగా తాఖీదు పంపియున్నాము. ఆధారం లేని ఫిర్యాదు పరిగణనలోకి తీసుకోబడదు. నేనే స్వయంగా వెళ్లి ఒక్కొక్క లోపాన్నీ కంటితో చూసి, చేత్తో తాకి ధ్రువీకరిస్తాను."

"మరి మా అమ్మాయికి దారేంటండి?"

"తమరు సూపర్ స్పార్క్ పాలిటెక్నిక్‌ను పరిశీలించగలరు. సరిగ్గా యాభైకి యాభై. నిరుడు సమతుల్యతా రత్న బిరుదు వారికే ఇచ్చాము."

బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చుని లోహిత ఫోన్లో సూపర్ స్పార్క్ అభిప్రాయాలు పైకి చదివింది. లైబ్రరీ అద్భుతం అని ఒకరు రాస్తే, లైబ్రరీ ఎక్కడుందో చెబితే మేమూ వెళ్తాం అని ఇంకొకరు రాశారు. సార్లు ప్రాణం పెట్టి చెబుతారని ఒకరు. సారు వచ్చిన రోజు కాలేజీకి సెలవిచ్చి పండగ చేసుకున్నామని మరొకరు. ఎలక్ట్రికల్ ల్యాబులో ఇంతవరకూ ఎవరికీ షాకు కొట్టలేదు, ఎందుకంటే కరెంటు లేదు అని మూడోవాడు రాశాడు. ఈ ఒక్కదాన్నీ మెచ్చుకోలుగా ఒకసారి, ఫిర్యాదుగా ఒకసారి రెండు లెక్కల్లోనూ వేసుకున్నారు.

"నాన్నా, నేను దీంట్లో చేరను," అంది లోహిత. గొంతు కొంచెం వణికింది.

కూతురి గొంతు వణకడం ఆదినారాయణ ఎక్కువసార్లు వినలేదు. ఆయన బెంచీ మీంచి లేచాడు. "పద, ఆ లంకవారిపాలెం ఏటో ఒకసారి కళ్లతో చూసొద్దాం," అన్నాడు.

గురువారం ఉదయం వాళ్లు వెళ్లేసరికి కాలేజీ గేటు మీద పెద్ద కాగితం అంటించి ఉంది. ‘విద్యార్థినులకు విజ్ఞప్తి. దయచేసి ఫిర్యాదు చేయండి. ఎవరినీ ఏమీ అనము. – ప్రిన్సిపాల్.’ వరండాలో నూరుమంది ఆడపిల్లలు కాగితాలు పట్టుకుని వరసగా నిలబడి, పెన్నులు కొరుక్కుంటూ ఆలోచిస్తున్నారు. ప్రిన్సిపాల్ వసుంధరాదేవి గారు ఆ వరస వెంట అటూ ఇటూ తిరుగుతున్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఎవర్నీ ఏదీ బతిమాలి ఎరగరు. పెళ్లి చేయొద్దు, చదివించండి అని తల్లిదండ్రులకి చెప్పినప్పుడు కూడా గదమాయించే చెప్పారు. ఇప్పుడు మాత్రం బతిమాలుతున్నారు.

"ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండమ్మా. నేనెప్పుడూ మిమ్మల్ని తిట్టలేదూ?"

"తిట్టారు మేడమ్. కానీ తప్పు మాదే కదండి," అంది ఒక పిల్ల.

వసుంధరాదేవి గారు తల పట్టుకుని కూలబడ్డారు. కాలేజీ చూడ్డానికి వచ్చామని ఆదినారాయణ చెబితే, అప్పటిదాకా వచ్చిన ఫిర్యాదులు ఆయన చేతిలో పెట్టారు. దసరా సెలవులు మరీ ఎక్కువయ్యాయని, ఇంటి దగ్గర తోచక చచ్చామని ఒకటి. పెసరట్టులో అల్లం కాస్త తగ్గిస్తే ఇంకో రెండు తినగలమని ఒకటి. తోటలో గులాబీ మొక్కలకు ముళ్లున్నాయని ఒకటి. మూడింటినీ పరాంకుశం తిప్పి పంపాడు. మొదటి రెండూ ఫిర్యాదు వేషంలో ఉన్న ప్రశంసలని, మూడోది వృక్షశాస్త్ర విషయమని కింద ఎర్ర సిరాతో రాశాడు.

ఆదినారాయణ ఆ గులాబీ ముళ్ల కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇరవై రెండేళ్ల అనుమానం అక్కడికక్కడే దిగిపోయింది. గులాబీకి ముళ్లున్నాయని కోప్పడే పిల్లలున్న చోట తన పిల్లను కళ్లు మూసుకుని వదిలిపెట్టొచ్చు. కానీ ఇవాళ్టికి ఇది జాబితాలో లేని కాలేజీ, ఎల్లుండితో గడువు సరి.

"మీరేం చేస్తుంటారండి?" అని అడిగారు వసుంధరాదేవి గారు.

"మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేత్తానండి."

ఆవిడ ముఖం ఒక్కసారి వెలిగింది. వెంటనే సిగ్గుపడింది కూడా. గొంతు తగ్గించి, "పాడుచేయగలరా?" అన్నారు.

ఆదినారాయణకు అభిమానం పొడుచుకొచ్చింది. "ఏటండీ ఆ మాట! నా చేత్తో ఒక్క వస్తువు పాడవలేదండి ఇప్పటిదాకా."

"అందుకేనండీ మిమ్మల్ని అడిగేది. బాగుచేయడం రానివాళ్లు పాడుచేస్తే అది పాడైపోతుంది. మాకు మధ్యాహ్నం దాకా పాడై ఉండాలి, సాయంత్రానికి బాగవ్వాలి. ఒక నలభై ఉంటే చాలు."

ఆయన కూతురి వంక చూశాడు. లోహిత అప్పటికే ఎలక్ట్రికల్ ల్యాబు కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది. లోపల నలుగురు పెద్దపిల్లలు ఒక మోటారు విప్పి, దాని భాగాలను వరసగా పాత చీర మీద పేర్చి తుడుస్తున్నారు. లోహిత కళ్లు ఆ చీర మీదే ఉన్నాయి.

"రేపు పొద్దున్నే పనిముట్లు పట్టుకుని వచ్చేత్తానండి," అన్నాడు ఆదినారాయణ.

శుక్రవారం పొద్దున్నే ఆదినారాయణ కూతుర్ని తీసుకుని వచ్చాడు, ఏడింటికల్లా లోపాల పట్టిక సిద్ధమైంది. ఒకటో నంబరు, మొదటి గదిలో ఫ్యాను కిర్రుమనుట. రెండు, కుళాయి కారుట. మూడు, గంట మోగకుండుట. అలా ముప్ఫై తొమ్మిది దాకా వెళ్లి, నలభయ్యోది సాంబారు ఉప్పగా ఉండుట దగ్గర ఆగింది. ఆదినారాయణ ప్రతి వస్తువు దగ్గరా ఒక్క క్షణం నిలబడి, లోలోపల క్షమాపణ చెప్పుకుని, మర సడలించాడు. పదింటికి ఆ కాలేజీలో తిన్నగా పనిచేసేది గోడ గడియారం ఒక్కటే. దాన్ని ముట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

వంటింట్లో మాత్రం పెద్ద గొడవ జరుగుతోంది. వంటమనిషి మంగతాయారు గరిటె నేలకేసి కొట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా చేత్తో సాంబారు చెడగొట్టమంటారా? నలుగురు పిల్లల్ని కన్న తల్లినండి నేను! ఈ పాపం నాకెందుకండి?"

"ఒక్క పూటే మంగా. కాలేజీ నిలబడాలి," అన్నారు వసుంధరాదేవి గారు.

మంగతాయారు కళ్లు మూసుకుని, దేవుణ్ని తలుచుకుని, మూడు గుప్పిళ్ల ఉప్పు గుండిగలో పోసి, కొంగుతో ముఖం కప్పుకుని బయటికి వచ్చేసింది. పావుగంట వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ చూడకుండా లోపలికి వెళ్లి, ఇంకో అరగుండిగ పప్పు ఉడికించి పోసి, ముక్కలు కోసి వేసి, చింతపండు రసం సరిచూసుకుని, మళ్లీ వచ్చి ఏడుస్తూ కూర్చుంది.

పదకొండింటికి పరాంకుశం గారు గొడుగు, పుస్తకం, ఎర్రసిరా పెన్నుతో విచ్చేశారు. గేటు దగ్గరే అందరినీ ఒకసారి తేరిపార చూసి, "సోదాహరణంగా పరిశీలిద్దాం," అన్నారు.

మొదటి గదిలోకి వెళ్లి ఫ్యాను స్విచ్చి వేశారు. ఫ్యాను వెన్న మీద తిరుగుతున్నట్టు చప్పుడు లేకుండా తిరిగింది.

"కిర్రు ఏదీ?" అన్నారు పరాంకుశం.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. "ఇందాక చప్పుడు చేసిందండి సార్. బేరింగు విప్పి నూనె వేశాం."

వసుంధరాదేవి గారు ఆ పిల్లను చూసినట్టు జీవితంలో ఎవరినీ చూసి ఉండరు. పరాంకుశం గారు పుస్తకంలో ఒకటో నంబరు ఎదురుగా ‘లేదు’ అని రాసుకున్నారు. కుళాయి దగ్గరికి వెళ్తే చుక్క కారలేదు. వాషరు మార్చిన అమ్మాయి చేతులు తుడుచుకుంటోంది. గంట నొక్కితే ఊరంతా వినబడేలా మోగింది. వరండాలో మినుకుమినుకుమనాల్సిన ట్యూబులైటు నిలకడగా వెలుగుతుంటే, దాని కింద నిచ్చెన మీంచి ఇంకో పిల్ల దిగుతోంది.

ఆదినారాయణకు సంగతి అర్థమైంది. ఈ కాలేజీలో ఏ లోపమూ పది నిమిషాలు బతకదు. పిల్లలకు ఆ అలవాటు నేర్పేశారు. ఆయన దొడ్డిదారిన ముందుకు పరిగెత్తి, ల్యాబులో పదమూడో నంబరు స్విచ్చిబోర్డు మళ్లీ సడలించాడు. తిరిగి చూసేసరికి ఇద్దరు పిల్లలు దాన్ని బిగించేస్తున్నారు. పధ్నాలుగుకి పరిగెత్తాడు. వాళ్లూ పరిగెత్తారు. ముందు ఆయన స్క్రూడ్రైవరుతో, వెనక వాళ్లు స్క్రూడ్రైవర్లతో, వాళ్ల వెనక పరాంకుశం గారు పుస్తకంతో, ఆ వెనక వసుంధరాదేవి గారు రెండు చేతులూ పిసుక్కుంటూ, కాలేజీ మొత్తం రెండుసార్లు చుట్టొచ్చారు. కిందటేడే చేరిన పిల్లలు ఇది కూడా పాఠంలో భాగమనుకుని నోట్సు రాసుకున్నారు.

ఇరవై ఏడో నంబరు గదిలోకి ఆదినారాయణ రొప్పుతూ వెళ్లేసరికి, బల్ల మీద ఎక్కి రెగ్యులేటరు బిగిస్తోంది స్వయానా ఆయన కూతురే.

"ఏటమ్మడూ, నువ్వు కూడానా!" అన్నాడు నీరసంగా.

"ఎలా బిగించాలో అక్కవాళ్లు చూపించారు నాన్నా. మనం షాపులో చేసే పద్ధతి తప్పు. చూడు, ఇలా బిగిస్తే మళ్లీ వదులవ్వదు." అప్పుడుగానీ తనేం చేసిందో ఆ పిల్లకు గుర్తు రాలేదు. నోటి మీద చెయ్యి వేసుకుంది. "చెయ్యి ఊరుకోలేదు నాన్నా!"

కూతుర్ని తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. సీటు పోతోందన్న దిగులు ఒక పక్క, ఒక్క రోజులోనే తనకన్నా మంచి పని నేర్చుకుందన్న సంబరం ఒక పక్క. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం సాంబారు వడ్డించారు. పరాంకుశం గారు రుచి చూశారు. కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత విస్తరి ముందుకు జరిపి ఇంకో రెండు గరిటెలు పోయించుకున్నారు. దూరంగా తలుపు చాటున మంగతాయారు నెత్తి కొట్టుకుంది, కానీ మొహంలో గర్వం దాగలేదు.

భోజనమయ్యాక పరాంకుశం గారు ప్రిన్సిపాల్ గదిలో కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచారు. నలభై నంబర్లు, నలభై ‘లేదు’లు. ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మా, తమరు నలభై అబద్ధపు ఫిర్యాదులు దాఖలు చేసియున్నారు," అన్నారు.

"చేశానండి," అన్నారు వసుంధరాదేవి గారు. "మా పిల్లలకి ఇంతకన్నా చెడ్డగా ఉండడం నేర్పలేకపోయాను. నా చేతకానితనం. కాలేజీని మూసేయండి."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గది తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా కళ్లు తుడుచుకున్నారు. కానీ పరాంకుశం గారి కంగారు వేరు. నియమావళి పదిహేడో నిబంధన ప్రకారం తనిఖీకి వెళ్లిన అధికారి లోపం కనుగొనకుండా తిరిగి రారాదు. వచ్చినచో, లోపం అధికారిదిగా భావించి తగు చర్య తీసుకొనబడును. ఆయనకు రిటైరుమెంటు ఇంకా ఎనిమిది నెలలుంది. మజ్జిగ అడిగి పుచ్చుకున్నారు. గదిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగారు. ఐదోసారి సగంలో ఆగిపోయారు.

"అబద్ధపు ఫిర్యాదు దాఖలు చేయుట తప్పా, కాదా?"

"తప్పేనండి," అన్నారు వసుంధరాదేవి గారు.

"ఎవరు దాఖలు చేశారు?"

"మేమేనండి."

"అనగా సంస్థ. అనగా ఒక్కొక్క అబద్ధపు ఫిర్యాదూ సదరు సంస్థలోని ఒక్కొక్క లోపం. అటువంటివి ఎన్ని?"

"నలభై!" అని తలుపు దగ్గరి పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

"ఆధారం, ఆ ఫిర్యాదులే. కంటితో చూశాను, చేత్తో తాకాను," అంటూ పరాంకుశం గారు ఎర్రసిరా పెన్ను తీసి, నలభై ‘లేదు’లనూ ఒక్కొక్కటిగా కొట్టేసి, నలభై ‘కలదు’లు రాశారు. అరవై మెచ్చుకోళ్లు, నలభై ఫిర్యాదులు. లంకవారిపాలెం మహిళా పాలిటెక్నిక్ సమతుల్య సంస్థగా గుర్తింపబడినది. వెళ్తూ వెళ్తూ ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, సాంబారు పొడి ఇంట్లోనే దంచుతారా అని అడిగారు.

శనివారం మూడు గంటలకే ఆదినారాయణ, లోహిత సహాయ కేంద్రానికి వచ్చి వరసలో నిలబడ్డారు. జాబితాలో లంకవారిపాలెం పేరు మిలమిలలాడుతోంది. వాళ్ల వంతు వచ్చేసరికి నాలుగూ పదిహేను. లోహిత మొదటి ఆప్షన్ అదే పెట్టింది, రెండోది పెట్టనే లేదు. ఆఖరి బటన్ నొక్కబోయేసరికి తెర మీద ఒక గళ్ల కాగితం ప్రత్యక్షమైంది. ఎంచుకున్న కాలేజీపై తల్లి లేదా తండ్రి అభిప్రాయం రాసి, సమతుల్యతాధికారి చేత ధ్రువీకరింపజేయవలెను.

కంప్యూటరు దగ్గరి అమ్మాయి దాన్ని అచ్చు తీసి ఇచ్చింది. ఆదినారాయణ పెన్ను తీసుకుని, ‘చాలా మంచి కాలేజీ, నేను కళ్లారా చూశాను’ అని రాసి లోపలికి పట్టుకెళ్లాడు. పరాంకుశం గారు చూసి తిప్పి ఇచ్చారు. "ఏకపక్షం. తల్లిదండ్రుల అభిప్రాయం సైతం మిశ్రమంగా ఉండవలెను. ప్రతికూలాంశం ఏదీ?"

"ప్రతికూలం లేదండి బాబూ. తమరూ చూశారు కదండి."

"నేను చూసినవి నలభై. అవి ఇప్పటికే వినియోగించబడినవి. తమరిది తమరికి ప్రత్యేకంగా ఉండవలెను. ఆధారంతో."

మళ్లీ రాశాడు, గులాబీలకు ముళ్లున్నాయని. వృక్షశాస్త్రం. మళ్లీ రాశాడు, దూరమెక్కువని. దూరం సంస్థ చేతిలో లేదు, పైగా వంతెన వేరే శాఖది. గోడ మీది గడియారంలో నాలుగూ నలభై దాటింది. వెనకున్నవాళ్లు గొణుగుతున్నారు.

"ఏదో ఒకటి రాసెయ్ నాన్నా," అంది లోహిత. "మెస్సు బాలేదని రాసెయ్."

"బాగుంది కదమ్మా. మంగతాయారు గారిని అంత మాట ఎలా అంటాం?"

ముప్ఫై తొమ్మిది వస్తువుల మరలు సడలించిన మనిషి. కానీ ఆ కాలేజీ మీద ఒక్క చెడ్డమాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏం చెడ్డ ఉంది దాంట్లో? బాగా చూసుకుంటారు, బాగా తిండి పెడతారు, బాగా పని నేర్పుతారు. ఒక్కరోజులోనే తన కన్నా బాగా బిగించడం నేర్పారు. మూడేళ్లయ్యాక ఈ పిల్ల ఏమైపోతుందో ఎంత పైకి వెళ్తుందో! అక్కడిదాకా ఆలోచించి ఆదినారాయణ ఆగిపోయాడు. ఆ మూడేళ్లూ పొద్దున్నే నాన్నా అని పిలిచేవాళ్లు ఇంట్లో ఉండరన్న సంగతి, పెళ్లాం రెండు రోజులు ఏడ్చినా, నెల్లాళ్లు ఊరంతా విచారించినా, ఆయన బుర్రకు అప్పటిదాకా తట్టనేలేదు. కాగితం మీదికి వంగి, గబగబా ఒక్క వాక్యం రాశాడు.

పరాంకుశం గారు పైకి చదివారు. "‘ఈ కాలేజీలో చేరితే మా అమ్మాయి ఇంట్లో ఉండదు.’" కళ్లద్దాల మీంచి చూశారు. "ఇది ఆ సంస్థ లోపమా?"

"లోపం కాదండి. కానీ నాకు బాగోలేదండి."

"ఆధారం?"

ఆదినారాయణ కూతురి వంక చూశాడు. పక్కన లోహిత తండ్రి చొక్కా అంచు పట్టుకుని నేల చూపులు చూస్తోంది. పరాంకుశం గారు కుర్చీలోంచి సగం లేచి, బల్ల మీదుగా ముందుకు వంగి, ఆదినారాయణ ముఖాన్ని చాలాసేపు దగ్గర్నుంచి చూశారు. తర్వాత కూర్చుని, ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టి, నీలం పెన్ను తీసుకుని ఏదో రాసి ముద్ర కొట్టారు. అప్పటికి నాలుగూ యాభై ఆరు. లోహిత పరిగెత్తుకెళ్లి బటన్ నొక్కింది. ఆప్షన్ ఖాయమైనట్టు తెర మీద వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్లంతా, గొణిగినవాళ్లు కూడా, చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోహిత ఆ కాగితం మడత విప్పింది. అధికారి ఏం రాశారో చదవమన్నాడు తండ్రి. ఆ పిల్ల ఒకసారి లోపల చదువుకుని, గొంతు సరిచేసుకుని పైకి చదివింది.

"‘అభిప్రాయము సమతుల్యము. ప్రతికూలాంశమునకు ఆధారము తండ్రి కంట ప్రత్యక్షముగా పరిశీలించబడినది. తడిగా ఉన్నది.’"